వర్గమూలం తీసేటప్పుడు పైనున్న అంకెను రెట్టింపు ఎందుకు చేస్తాం?

ప్రశ్న: పలకాబలపం

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది, ఇప్పుడు వాళ్లకు వర్గమూలాల పాఠం జరుగుతోంది. సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి, ప్రతి జతలోనుంచి ఒక కారణాంకాన్ని తీసుకుని గుణిస్తే వర్గమూలం వస్తుందన్న సంగతి తనకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే అక్కడ చేసే ప్రతి పనికీ కారణం కళ్లెదుటే కనిపిస్తుంది. చిక్కంతా భాగహార పద్ధతి దగ్గర వచ్చింది. నేను చిన్నప్పుడు నేర్చుకున్నట్టే తనకూ నేర్పాను, లెక్క సరిగ్గానే తేలింది, కానీ తను వేసిన ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేకపోయింది.

మేం తీసుకున్న సంఖ్య 5329. కుడి వైపు నుంచి రెండేసి అంకెలుగా విడగొడితే 53, 29 అని రెండు జతలు వచ్చాయి. 53కు మించని అతి పెద్ద వర్గం 49 కాబట్టి పైన 7 వేసి, 53లోనుంచి 49 తీసేస్తే 4 మిగిలింది. దాని పక్కకు 29ని దించితే 429 అయింది. ఇప్పుడు పైనున్న 7ని రెట్టింపు చేసి 14 అని ఎడమ వైపు రాసుకుని, ఆ 14 పక్కన ఏ అంకె పెట్టి, వచ్చిన సంఖ్యను మళ్లీ అదే అంకెతో గుణిస్తే 429 వస్తుందో వెతికాం. 143ను 3తో గుణిస్తే సరిగ్గా 429. కాబట్టి వర్గమూలం 73.

అప్పుడు అమ్మాయి వరసగా అడిగింది. మామూలు భాగహారంలో ఒక్కొక్క అంకెనే దించుకుంటాం కదా, ఇక్కడ రెండేసి ఎందుకు దించాలి? 7ని రెట్టింపే ఎందుకు చేయాలి, మూడు రెట్లు ఎందుకు చేయకూడదు? 14 పక్కన పెట్టిన అంకెతోనే మళ్లీ ఎందుకు గుణించాలి?

బడిలో నేను ఇదే అడిగినప్పుడు "అది పద్ధతి, అలాగే చేయాలి" అని కూర్చోబెట్టారు. అదే మాట మా అమ్మాయికి చెప్పడానికి నాకు మనసొప్పలేదు. పదమూడేళ్ల పిల్లకు చేతులతో చూపించగలిగేలా ఎవరైనా వివరిస్తే ఎంతో సంతోషిస్తాను.

జవాబు: లెక్కల పంతులు

అమ్మా, మీ అమ్మాయి అడిగిన రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది తేలితే మూడోది దానంతటదే తేలిపోతుంది. నేను ఉన్నత పాఠశాలలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఈ పాఠం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద కంటే నేల మీద సుద్దముక్కతోనే ఎక్కువ చెప్పేవాణ్ణి.

ఇంటి ముందు చదరంగా చుక్కలు పెట్టి వేసే ముగ్గును గుర్తు చేసుకోండి. వరుసకు 7 చుక్కల చొప్పున 7 వరుసలు పెడితే 49 చుక్కలవుతాయి. దాన్ని 8 వరుసల ముగ్గుగా పెంచాలనుకుంటే పెట్టిన చుక్కలు చెరపనక్కర్లేదు. కుడి పక్కన నిలువుగా 7 చుక్కలు, కింద అడ్డంగా 7 చుక్కలు పెడతాం. అప్పుడు కుడి వైపు కింది మూలలో ఒక్క చుక్కకు చోటు మిగిలిపోతుంది, అది కూడా పెడితే చదరం పూర్తవుతుంది. 7, 7, 1 కలిస్తే 15, ఆ 15ను 49కి కలిపితే 64. చదరాన్ని చదరంగానే ఉంచి పెంచాలంటే రెండు పక్కలా పెంచక తప్పదు, ఒక్క పక్కే పెంచితే అది దీర్ఘచతురస్రమైపోతుంది. మీ అమ్మాయి అడిగిన రెట్టింపు పుట్టింది ఇక్కడే.

ఇప్పుడు 5329కి వద్దాం. 5329 చిన్న గళ్లను ఒక చదరంగా పేర్చాలి, దాని భుజం ఎంతో మనకు తెలియదు. భుజంలో పదుల స్థానంలో ఏముందో ముందు వెతుకుతాం. 70 గళ్ల భుజమున్న చదరానికి 4900 గళ్లు కావాలి, 80 గళ్ల భుజానికైతే 6400 కావాలి, అన్ని మన దగ్గర లేవు. కాబట్టి 70 భుజం గల చదరాన్ని ముందు పేర్చేస్తాం. మీరు 53లోనుంచి 49 తీసేశామని అనుకున్నారు కానీ, స్థానవిలువతో చూస్తే 5329లోనుంచి 4900 తీసేశారు. మిగిలిన 429 గళ్లతో ఆ చదరాన్ని రెండు పక్కలా పెంచాలి. నిలువుగా 70 పొడవున్న పట్టీ ఒకటి, అడ్డంగా 70 పొడవున్న పట్టీ ఇంకొకటి, మూలన ఒక బుల్లి చదరం. ఈ మూడింటి వెడల్పూ ఒకటే, మనం వెతుకుతున్న ఒకట్ల స్థానపు అంకె అదే.

ఇక్కడ ఒక చిన్న పని చేసి చూపించండి, మూడో ప్రశ్న దీనితోనే విడిపోతుంది. 5329 గళ్లు పెద్ద లెక్క కాబట్టి గ్రాఫు కాగితం మీద 13 గళ్ల భుజంతో 169 గళ్ల చదరం కత్తిరించండి. అందులో 10 భుజం గల చదరాన్ని వేరు చేయండి. మిగిలింది గోడ మూలలా వంగిన ముక్క. దాన్ని 10 పొడవు 3 వెడల్పు ఉన్న రెండు పట్టీలుగా, 3 భుజం గల మూల చదరంగా కత్తిరించండి. ఆ మూడు ముక్కలనూ బల్ల మీద ఒకదాని వెంట ఒకటి వరసగా పెట్టించండి. 23 పొడవు, 3 వెడల్పు ఉన్న ఒకే పట్టీ అవుతుంది, అంటే 69 గళ్లు. ఆ 23లో 20 అన్నది 10కి రెట్టింపు, చివరి 3 మూల చదరం భుజం. పట్టీ వెడల్పూ 3, చివరన చేరిన ముక్క పొడవూ 3 కాబట్టే, పక్కన ఏ అంకె పెడతామో దానితోనే గుణిస్తాం. మీ లెక్కలో ఆ పొడుగు పట్టీ పొడవు 143, వెడల్పు 3.

ఇక రెండేసి అంకెల సంగతి. ఒక అంకె గల సంఖ్యల వర్గాలు 1 నుంచి 81 దాకా, రెండంకెల సంఖ్యల వర్గాలు 100 నుంచి 9801 దాకా, మూడంకెల వాటివి 10000 నుంచి 998001 దాకా ఉంటాయి. భుజం పది రెట్లయితే వైశాల్యం నూరు రెట్లవుతుంది కాబట్టి, మూలంలో ఒక స్థానం జరిగితే వర్గంలో రెండు స్థానాలు జరుగుతాయి. అందువల్ల మూలంలోని ఒక్కొక్క అంకెకూ వర్గంలో రెండేసి స్థానాల చోటు కేటాయించాలి. జతలు ఒకట్ల స్థానం నుంచే మొదలుకావాలని పట్టుబట్టడం కూడా అందుకే. 841ని ఎడమ వైపు నుంచి 84, 1 అని విడగొట్టిన పిల్లలను నేను చాలామందిని చూశాను, వాళ్లకు మొదటి అంకె 9 వస్తుంది, అసలు మూలం మాత్రం 29. దశాంశ బిందువు ఉన్నప్పుడు బిందువు దగ్గర మొదలుపెట్టి అటు ఎడమకూ ఇటు కుడికీ జతలు కట్టుకోవాలి.

పై తరగతికి వెళ్లాక మీ అమ్మాయి ఇదంతా ఒక్క వాక్యంలో రాసుకుంటుంది. పేర్చేసిన భుజాన్ని క అనీ, పెంచాల్సిన వెడల్పును చ అనీ అనుకుంటే (క + చ)² = క² + 2కచ + చ². క² తీసేసిన తర్వాత మిగిలినది (2క + చ) × చ. ఎడమ వైపు మనం రాసుకునే విచిత్రమైన భాజకం ఈ 2క + చ మాత్రమే.

పలకాబలపం

పంతులు గారూ, ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. సాయంత్రం గ్రాఫు కాగితం కత్తిరించి చూపించాను, మూడు ముక్కలూ వరసలో పెట్టగానే తనే "23 అంటే 10, 10, 3" అని చెప్పేసింది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మరో రెండు లెక్కలు చేసింది, రెండింటిలోనూ తడబడింది.

మొదటిది 289. 1 వేసి 1 తీసేస్తే 1 మిగిలింది, 89 దించితే 189. ఎడమన 2. 18ని 2తో భాగిస్తే 9 కదా అని 29ని 9తో గుణించింది, 261 వచ్చింది, అది 189 కంటే ఎక్కువ. 8 వేసింది, 224, అదీ ఎక్కువే. 7 వేస్తే 27 × 7 = 189 సరిపోయింది. సరైన అంకె తగలడానికి ఇలా మూడుసార్లు తచ్చాడాల్సిందేనా?

రెండోది 41209. దీనికి తనకు 23 అని వచ్చింది. 23 వర్గం 529 అని తనకే తెలుసు, కానీ తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోలేకపోయింది.

జవాబు: లెక్కల పంతులు

రెండోదాని సంగతి ముందు చెబుతాను. 4, 12, 09 అని మూడు జతలున్నాయి కాబట్టి మూలంలో మూడంకెలు ఉండి తీరాలి, లెక్క మొదలుపెట్టకముందే పైన మూడు గడులు గీసుకోమనండి. 2 వేసి 4 తీసేస్తే ఏమీ మిగలలేదు. 12 దించాం. ఎడమన 4 ఉంది, దాని పక్కన 1 పెట్టినా 41 అవుతుంది, అది 12లో పోదు. అంటే పదుల స్థానంలో పట్టీ పేర్చడానికి సరిపడా గళ్లు లేవు, ఆ స్థానంలో 0 వేయాలి. ఆ సున్నాను పైనా వేయాలి, ఎడమన 4 పక్కనా వేయాలి. తర్వాత 09 దించితే 1209, ఎడమన 40, పక్కన 3 పెడితే 403 × 3 = 1209. మూలం 203. మీ అమ్మాయి సున్నా వేయకుండానే తర్వాతి జతను దించి ఉంటుంది. మామూలు భాగహారంలో కూడా పిల్లలు పడే గొయ్యి ఇదే, కాబట్టి దిగులుపడొద్దని చెప్పండి.

289లో తచ్చాడడానికి కారణం మూల చదరం. 18ని 2తో భాగించినప్పుడు మనం రెండు పట్టీలను మాత్రమే లెక్కలోకి తీసుకుని, మూలను మరిచిపోతున్నాం. 5329లో పట్టీలు 70 పొడవు, వెడల్పు 3, మూల చదరం 9 గళ్లే, దాన్ని మరిచిపోయినా అంచనా తప్పలేదు. 289లో పట్టీలు 10 పొడవే, వెడల్పు 7, మూల చదరం 49 గళ్లు. పట్టీలు రెండూ కలిపి 140 అయినప్పుడు 49 తక్కువదేమీ కాదు. అందువల్ల మొదటి అంకె 1 గానీ 2 గానీ అయినప్పుడు భాగిస్తే వచ్చిన అంకెకు ఒకటో రెండో తగ్గించి మొదలుపెట్టడం అలవాటు చేయండి. లెక్క ముందుకు సాగేకొద్దీ పట్టీలు పొడుగవుతాయి, మూల చదరం చిన్నదవుతుంది, అంచనా తప్పడం అరుదవుతుంది.

అంకె చిన్నది పడిందేమోనన్న అనుమానం వస్తే ఒక పరీక్ష ఉంది. ముగ్గులో 7ని 8 చేయడానికి 15 చుక్కలు, అంటే 7కు రెట్టింపు కంటే ఒకటి ఎక్కువ, కావలసి వచ్చాయి. కాబట్టి మిగిలిన శేషం అప్పటికి వచ్చిన మూలానికి రెట్టింపును ఎన్నటికీ దాటకూడదు. దాటిందంటే ఇంకో వరుస పేర్చడానికి గళ్లు మన దగ్గర ఉన్నాయన్నమాట, అంకెను ఒకటి పెంచాలి.

జవాబు: మూలమట్టం

నేను ఇళ్లు కట్టించే పనిలో ఉన్నాను, గణితం చదివినవాణ్ణి కాదు. పంతులు గారు చెప్పిన పట్టీల సంగతి చదివాక, మా మేస్త్రీ దగ్గర నేర్చుకున్న ఒక లెక్కకు కారణం ఇన్నాళ్లకు తెలిసింది, అందుకే రాస్తున్నాను.

పునాదికి ముగ్గు పోసేటప్పుడు గది మూలలు సరిగ్గా లంబకోణంలో ఉన్నాయో లేదో చూడడానికి మూల నుంచి మూలకు టేపు పట్టి కొలుస్తాం. 20 అడుగులు, 30 అడుగులు ఉన్న గదికి ఆ కొలత ఎంత రావాలి? 400, 900 కలిపితే 1300, దానికి వర్గమూలం కావాలి. మా మేస్త్రీ సిమెంటు బస్తా కాగితం మీద పెన్సిలుతో చేసే పద్ధతి ఇది. 36ను 36తో గుణిస్తే 1296, మిగిలింది 4. ఆ 4ను 36కు రెట్టింపైన 72తో భాగించాలి. 4 బై 72 అడుగులంటే, అంగుళాల్లోకి మార్చుకోవడానికి 12తో గుణిస్తే 48 బై 72, అంటే అంగుళంలో మూడింట రెండు వంతులు. కాబట్టి 36 అడుగుల మీద ముప్పావు అంగుళానికి కాస్త తక్కువ. రెండు కర్ణాలూ అదే కొలత వస్తే మూలలు సరిగ్గా ఉన్నట్టే.

ఆ 72 ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. రెండు పక్కలా ఉండే పట్టీల పొడవే ఆ 72 అని ఇప్పుడు అర్థమవుతోంది. మూల చదరం ఇక్కడ వెంట్రుకవాసి కంటే తక్కువ కాబట్టి దాన్ని వదిలేసినా పనికి లోటు రాలేదు.

జవాబు: దూరతీరం

మూలమట్టం గారు రాసిన లెక్క చూశాక నేను కూడా రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే అలెగ్జాండ్రియాకు చెందిన హెరాన్ క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో వివరించిన పద్ధతి సరిగ్గా అదే, రూపం మాత్రమే వేరు. హెరాన్ 720కి వర్గమూలం కావాలనుకుని 27తో మొదలుపెడతాడు. 720ని 27తో భాగిస్తే 26 మీద మూడింట రెండు వంతులు వస్తుంది. 27 అసలు మూలం కంటే ఎక్కువ కాబట్టి ఈ భాగఫలం తక్కువై తీరాలి, కనుక రెండింటికీ సగటు తీస్తాడు. 26 మీద ఆరింట ఐదు వంతులు వస్తుంది. దాని వర్గం 720 మీద ముప్పై ఆరింట ఒక వంతు మాత్రమే ఎక్కువ.

సగటు తీయడంలో రెట్టింపు ఎక్కడుందని అనిపించవచ్చు. సంఖ్యను న అనుకుంటే క, న/క ల సగటును క + (న − క²)/2క అని కూడా రాయవచ్చు. మిగిలిన శేషాన్ని 2కతో భాగించి కకు కలపడమంటే మేస్త్రీ గారు 4ను 72తో భాగించడమే, పంతులు గారు రెండు పట్టీలను బల్ల మీద వరసగా పెట్టడమే. చేత్తో వర్గమూలం తీసే పద్ధతులు నాకు తెలిసినవన్నీ ఈ 2క చుట్టూనే తిరుగుతాయి, మూల చదరాన్ని ఏం చేస్తాయన్న దగ్గరే ఒకదానికొకటి తేడా. భాగహార పద్ధతి మూలను ప్రతి అంకె దగ్గరా పూర్తిగా లెక్కలోకి తీసుకుంటుంది. హెరాన్ పద్ధతి మూలను వదిలేసి, వదిలేసినందువల్ల వచ్చిన తేడాను తర్వాతి విడతలో దిద్దుకుంటుంది.

మూలను ఒక్కసారి దిద్దే సూత్రం కూడా ఉంది. పెషావరు దగ్గరి బక్షాలీ గ్రామంలో 1881లో దొరికిన భూర్జపత్రాల రాతప్రతిలో అది కనిపిస్తుంది. ఉదాహరణకు 41 తీసుకుందాం. 6 వర్గం 36, శేషం 5, దాన్ని 12తో భాగించి కలిపితే 6.41667. ఇది కొంచెం ఎక్కువ, ఎందుకంటే 5/12 భుజం గల మూల చదరానికి గళ్లు లేకుండానే చదరాన్ని పెంచేశాం. ఆ చదరం వైశాల్యమైన 25/144ను, ఇప్పుడు వచ్చిన మూలానికి రెట్టింపైన 12.83333తో భాగించి తీసేస్తే 6.40314 వస్తుంది. అసలు విలువ 6.40312. ఒక పేజీ లెక్క లేకుండా నాలుగు దశాంశ స్థానాలు సరిగ్గా వచ్చేశాయి. హెరాన్ పద్ధతిని రెండుసార్లు చేసినా సరిగ్గా ఇదే సంఖ్య వస్తుంది.

ఇక ఆర్యభట సంగతి, మీ అమ్మాయి మొదటి ప్రశ్నకు ఇది చాలా దగ్గరిది. 499లో రచించిన ఆర్యభటీయంలో గణితపాదం నాలుగో శ్లోకం వర్గమూలం తీసే పద్ధతిని చెబుతుంది. అందులో "ద్విగుణేన వర్గమూలేన" అన్న మాటలున్నాయి, అంటే వచ్చిన వర్గమూలాన్ని రెట్టింపు చేసి దానితో భాగించమని. అయితే ఆయన పద్ధతిలో అంకెలను జతగా కాక ఒక్కొక్కటిగానే దించుకుంటాం. కుడి నుంచి లెక్కపెడితే బేసి స్థానాలను వర్గ స్థానాలనీ, సరి స్థానాలను అవర్గ స్థానాలనీ ఆయన అంటారు. 5329నే ఆ పద్ధతిలో చేద్దాం. 53లోనుంచి 49 పోతే 4. అవర్గ స్థానంలోని 2ను దించితే 42. దాన్ని 7కు రెట్టింపైన 14తో భాగిస్తే 3, శేషం ఏమీ లేదు. ఇప్పుడు వర్గ స్థానంలోని 9ని దించి, అందులోనుంచి 3 వర్గాన్ని తీసేస్తే 0. పట్టీలకు ఒక స్థానం, మూల చదరానికి ఒక స్థానం. జతలోని రెండంకెల్లో ఎడమది దించినప్పుడు పట్టీలనూ, కుడిది దించినప్పుడు మూలనూ తీసేస్తున్నాం. మనం బడిలో నేర్చుకునే పద్ధతి ఈ రెండు మెట్లనూ ఒకే మెట్టుగా కలిపేసింది, అందుకే అక్కడ కారణం కనిపించకుండా పోయింది.

289ని కూడా ఇలాగే చేయించి చూడండి. 2లోనుంచి 1 పోతే 1, 8 దించితే 18, దాన్ని 2తో భాగిస్తే 9, శేషం 0. తర్వాత 9 దించి 81 తీయాలి, అది కుదరదు. 8 వేస్తే శేషం 2, 9 దించితే 29, అందులో 64 పోదు. 7 వేస్తే శేషం 4, 9 దించితే 49, అందులో 7 వర్గం సరిగ్గా పోతుంది. మూల చదరానికి గళ్లు చాలక వెనక్కి తగ్గుతున్నామన్న సంగతి ఇక్కడ విడిగా కనిపిస్తుంది, 29 × 9 ఎక్కువైందన్నప్పుడు అంత స్పష్టంగా కనిపించదు.

మనవాళ్లు వర్గమూలాన్ని గుణకార భాగహారాల సరసన పరికర్మల్లో, అంటే లెక్కల మూల ప్రక్రియల్లో, ఒకటిగా లెక్కపెట్టారు. మహావీరాచార్యుల గణితసారసంగ్రహంలో అది అలాగే ఉంది, దాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చిన సంగతి ఇక్కడి వాళ్లలో చాలామందికి తెలిసే ఉంటుంది. తెలుగులో లెక్కల పాఠం పద్యంగా నడిచిన కాలం ఒకటుందని పిల్లలకు చెప్పాలని నాకు గట్టిగా ఉంటుంది.

చివరగా ఒక సుళువు చెప్పి ముగిస్తాను. 2కు వర్గమూలం భాగహార పద్ధతిలో తీస్తూ పోతే 1.4142 దాకా వచ్చేసరికి శేషం 3836 మిగులుతుంది, ఎడమ వైపు రెట్టింపు 28284 ఉంటుంది. ఇక్కడ ఆపేసి, 3836ను 28284తో మామూలుగా భాగిస్తే 0.13562 వస్తుంది. ఆ అంకెలను 1.4142 పక్కన రాసేస్తే 1.414213562. తొమ్మిది దశాంశ స్థానాలూ సరిగ్గా ఉన్నాయి. మూల చదరం అప్పటికి ఎంత చిన్నదైపోయిందంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు, కాబట్టి సగం అంకెలు ఈ పద్ధతిలో తీసుకుంటే దాదాపు అన్నే అంకెలు ఉత్త భాగహారంతో వచ్చేస్తాయి. యజ్ఞవేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథాలైన శుల్బసూత్రాల్లో 2 వర్గమూలానికి ఇచ్చిన విలువను కూడా మీ అమ్మాయితో లెక్క కట్టించండి: 1కి మూడో వంతు, ఆ మూడో వంతులో నాలుగో వంతు కలిపి, చివరి దానిలో ముప్పై నాలుగో వంతు తీసేయాలి. 577/408 వస్తుంది. 3/2తో మొదలుపెట్టి రెండుసార్లు సగటు పద్ధతి చేస్తే మొదట 17/12, తర్వాత అదే 577/408 వస్తుంది. అసలు విలువతో తేడా ఆరో దశాంశ స్థానంలో గానీ కనిపించదు.

పలకాబలపం

దూరతీరం గారూ, మూలమట్టం గారూ, మీ ఇద్దరికీ నమస్కారాలు. ఆర్యభట పద్ధతిలో 289 చేయగానే మా అమ్మాయి "ఇదే ముందు నేర్పి ఉంటే బాగుండేది కదమ్మా" అంది. బీరువా కొలతలు తీసుకుని మూల నుంచి మూలకు ఎంత ఉంటుందో మేస్త్రీ గారి లెక్కలో కట్టి, టేపుతో సరిచూసుకుంది కూడా.

ఇప్పుడు కొత్త ప్రశ్న వేసింది. చదరానికి రెండు పక్కలున్నాయి కాబట్టి రెట్టింపు, రెండేసి అంకెలు. మరి ఘనమూలానికి మూడు రెట్లు, మూడేసి అంకెలు ఉండాలి కదా అంటోంది.

జవాబు: లెక్కల పంతులు

ఉండాలి, ఉంది కూడా. ఆర్యభటీయంలో వర్గమూలం తర్వాతి శ్లోకమే ఘనమూలం, అక్కడ ఆయన వాడిన మాట "త్రిగుణేన", మూలం వర్గానికి మూడు రెట్లతో భాగించమని. అయితే పిల్లను తొందరపడి జవాబు రాయనివ్వకండి, ముందు మైసూరు పాకు ముక్కలతో చూపించండి. పెద్ద ఘనాన్ని పెంచాలంటే దాని మూడు ముఖాల మీదా పలకలు అతికించాలి, ఆ పలకల మధ్య మూడు అంచుల వెంట మూడు కడ్డీలు నిలబెట్టాలి, మూలన ఒక బుల్లి ఘనం పెట్టాలి.

17576 తీసుకోండి. 17, 576 అని మూడేసి అంకెలుగా విడగొట్టాలి. 2 ఘనం 8, 17లోనుంచి పోతే 9, 576 దించితే 9576. పేర్చిన భుజం 20 కాబట్టి మూడు పలకల వైశాల్యం 3 × 400 = 1200. 9576లో 1200 ఏడుసార్లు పోతుంది, కానీ 7 వేస్తే కడ్డీలకు సరిపడా మిగలదు. 6 వేస్తే పలకలకు 7200, కడ్డీలకు 3 × 20 × 36 = 2160, మూలకు 216. మూడూ కలిపి చూడమనండి.